ఎవరి ముక్క ఎవరిది

తిలోమాయి కత్తి పట్టిందంటే పని మానుకుని చూడాలనిపిస్తుంది. దీవి రాజధాని ఆపియాలో, రేవు పక్కన పెద్ద హోటల్లో ఇరవై రెండేళ్ళు ఆరితేరిన చెయ్యి అది. ఆ మంగళవారం పొద్దున చర్చి హాలు వెనక రేకుల షెడ్డులో, రాళ్ళ పొయ్యిలోంచి అప్పుడే తీసిన పందిపిల్లను బల్ల మీద పెట్టి, నడుము మాంసాన్ని పల్చగా, ఒకే మందాన కోసి, పళ్ళెంలో విసనకర్రలా పరిచింది. పైన గరిటెడు అనాస పులుసు పోసింది. అంచున రెండు ఆకులు పెట్టింది. పళ్ళాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని తనే మురిసిపోయింది.

“ఇదీ వంటంటే! రేపు పెద్ద ఆర్డరొస్తే ఇలా ఉండాలి. ముక్కకీ ముక్కకీ వెంట్రుకవాసి తేడా రాకూడదు.”

శిష్యులు ముగ్గురు. సినెవాకి పదిహేడేళ్ళు. దుకాణంలో ఫోను ఎత్తుకొచ్చి దొరికిపోతే, కోర్టువాళ్ళు జైలుకి బదులు ఇక్కడికి పంపారు. నోరు తెరిస్తే నలుగురికి సమాధానం చెప్పగలదు. పెసమినో మార్కెట్టు మెట్ల మీద పెరిగినవాడు, భారీ మనిషి, వాడికి ఆకలి లేని సమయమంటూ లేదు. మూడోవాడు ఔకుసో. పందొమ్మిదేళ్ళు. సొంత ఊరు ఫలేతోవా వాడిని వెలివేసింది. ఏమడిగినా రెండు మాటల్లో తేల్చేస్తాడు.

ఆ రెండు మాటలవాడే ఆ రోజు తనంతట తాను నోరు విప్పాడు.

“బాగుందత్తా. కానీ ఇందులో ఎవరి ముక్క ఎవరిది?”

“ఎవరిదేమిట్రా? ఎవరిక్కావలసింది వాళ్ళు తీసుకుంటారు.”

ఔకుసో బుర్ర గోక్కున్నాడు. సినెవా కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికి గాని తిలోమాయికి వెలగలేదు. వెలగ్గానే చెవులు వేడెక్కాయి.

పెద్దలు కూర్చున్న విందులో పంది ప్రతి భాగానికీ ఒక హక్కుదారు ఉంటాడు. నడుము ఊరి ప్రధానిది. ముందు జబ్బలు సభలో మాట్లాడే పెద్దలవి. డొక్కలు మిగిలిన పెద్దలవి. వెనక భాగం ఆడవాళ్ళ సంఘానిది. నడుము అందాల్సిన మనిషికి జబ్బ అందిందంటే దాన్ని పొరపాటు అనరు, చెంపదెబ్బ అంటారు. మనవలు కూడా చెప్పుకుంటారు. తిలోమాయి పట్నంలో పుట్టింది. విమానాల్లో వచ్చినవాళ్ళకి వడ్డించి వడ్డించి ఆ సంగతే మరిచిపోయింది. పైగా పందిని కోయడం కుర్రాళ్ళ పని, ఆడపిల్లకి ఎవరు నేర్పుతారు?

“ఇదే పళ్ళెం పట్టుకెళ్ళి పెద్దల ముందు పెట్టుంటే ఏమయ్యేదే?” అంది నీరసంగా.

“మనల్నే కోసి పరిచేవాళ్ళు,” అంది సినెవా. “పైన పులుసు కూడా పోసి.”

అందరూ పగలబడి నవ్వారు. గురువునన్న బెట్టుతో బిగుసుకుని కూర్చునే రకం కాదు తిలోమాయి. కత్తి తిప్పి పిడిని ఔకుసో వైపు పెట్టింది.

“ఏదీ, రెండో పక్క నువ్వు కొయ్యి.”

వాడు కత్తి అందుకున్నాడు గానీ వెంటనే కొయ్యలేదు. ఎడమ బొటనవేలితో వెన్ను వెంబడి నొక్కుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. అక్కడ కత్తిమొన ఆనించి మణికట్టు కాస్త తిప్పాడు. జబ్బ దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. ఎముకని నరికిన చప్పుడే లేదు. అయిదు నిమిషాల్లో అరిటాకు మీద భాగాలన్నీ వరసగా పేర్చాడు.

“ఎవరు నేర్పార్రా నీకు?”

“మా తాత. పన్నెండో ఏటి నుంచీ మా ఊళ్ళో నేనే కోస్తాను.” కత్తి తుడిచి బల్ల మీద పెట్టాడు. “కోసేవాణ్ణి,” అన్నాడు.

ఆ మాట తిలోమాయికి ముల్లులా గుచ్చుకుంది. బల్ల తుడవబోతే, పళ్ళెం ఖాళీగా కనిపించింది. వీళ్ళిలా మాట్లాడుకుంటూ ఉండగా పెసమినో విసనకర్ర మొత్తం ఊడ్చేశాడు.

“ఇది నా ముక్క,” అన్నాడు వేళ్ళు నాక్కుంటూ.

బుధవారం మధ్యాహ్నం ఫలేతోవా నుంచి మాతాయోలా వచ్చాడు. ఊరి తరఫున సభల్లో చేతికర్ర పట్టుకుని మాట్లాడే పెద్ద ఆయన. డెబ్భై దాటాయి. వారం రోజుల పెళ్ళి చర్చనైనా ఒంటిచేత్తో లాగగలడని పేరు. బెంచీ మీద కూర్చుని, తిలోమాయి పెట్టిన తీపి బోండాలు ఒకటొకటే నోట్లో వేసుకుంటూ వచ్చిన పని చెప్పాడు.

“శనివారం మా కొత్త బడి తెరుస్తున్నామమ్మా. మూడూళ్ళ పెద్దలొస్తున్నారు. మా కుర్రాళ్ళు చూస్తే సగానికి సగం న్యూజిలాండులో ఆపిల్ పళ్ళు కోస్తున్నారు. ఉన్నవాళ్ళు రాళ్ళు కాలుస్తారో, వేళ్ళే కాల్చుకుంటారో! అందుకని నీ దగ్గరికొచ్చా.”

“ఎంతమందికి పెద్దయ్యా?”

“రెండొందలనుకో. పంది మాదే, ఒకటే, కానీ దూడంత ఉంటుంది. చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి కట్టిన చేమాకు పొట్లాలు, చేపలు, కోళ్ళు… నువ్వు హోటల్లో చేసినదానివి, నీకు చెప్పాలా?”

తిలోమాయి గుండె గంతులేసింది. ఈ వంటిల్లు తెరిచి అయిదు వారాలు. ఇందులో లాభం ఎవరి జేబులోకీ పోదు. వచ్చింది పిల్లల జీతాలకీ, సరుకులకీ, తర్వాత వచ్చే పిల్లలకీ. కానీ రావాలి గదా! ఇప్పటిదాకా ఇద్దరు అడిగారు. ఇద్దరూ ఒకటే మాట: వంట సరే, ఆ కోర్టు పిల్లలు మాత్రం మా చుట్టాల కంటబడకూడదు. ఇద్దరికీ కుదరదని చెప్పి పంపేసింది. పనికి వెళితే నలుగురం వెళతాం, ఎవరినీ దాచిపెట్టను అని మొదటి రోజే పిల్లలకి మాటిచ్చింది.

అంతలో ఔకుసో కోకో కప్పు తెచ్చాడు. పెద్దాయన ముందు నడుం వంచి, కప్పు పెట్టి, అలాగే వంగి వెనక్కి నడిచాడు. మాతాయోలా నోట్లో బోండా నోట్లోనే ఉండిపోయింది.

“వీడు ఇక్కడున్నాడా?”

“నా దగ్గరున్న వాళ్ళలోకెల్లా మంచి చెయ్యి పెద్దయ్యా.”

“ఆ చెయ్యి నాకు తెలియదా?” బోండా మింగాడు. కోకో ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. “కానీ శనివారం వాడు మా వంతెన దాటకూడదమ్మా. ఊరు చెప్పింది. చెప్పిన నోరు నాదే.”

“రేపు కబురు చేస్తాను,” అంది తిలోమాయి.

ఆయన బస్సెక్కేదాకా ఆగి సినెవా విరుచుకుపడింది.

“రేపేంటి చెప్పేది? ఇప్పుడే చెప్పు, మాకొద్దని! బస్సు మీద రాయి విసిరింది ఇద్దరు. రెండోవాడి నాన్న పెద్ద గదా, అయిదు పందులూ ఇరవై పెట్టెల చేపల డబ్బాలూ జరిమానా కట్టి కొడుకుని ఇంట్లో ఉంచుకున్నాడు. వీడికి ఉన్నదల్లా తాత, ఆ తాత పోయాడు. ఎవరు కడతారు? అదీ వాళ్ళ న్యాయం! అలాంటి ఊరికి మనం వండాలా?”

“గట్టిగా అరవకే,” అన్నాడు ఔకుసో. అరుగు మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. “తీసుకో అత్తా. పెసమినోకి కొయ్యడం నేర్పుతాను. నేను ఇక్కడే ఉంటాను.”

“నీకు బాధ లేదుట్రా?”

“మా ఊరి విందులో ఎవడో తప్పుగా కోస్తే సిగ్గు నాకే కదత్తా.”

మా ఊరట! గెంటేసిన ఊరిని ఇంకా మా ఊరంటున్నాడు. తిలోమాయికి కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. వద్దంటే వంటిల్లు నెలాఖరుకి మూసుకోవాలి. సరేనంటే ఇచ్చిన మాట గంగలో కలిసినట్టే. రాత్రి వంట ముగించి పడుకున్నా అదే ఆలోచన. తెల్లారాక కొబ్బరి తురుముతుంటే చెయ్యి ఆగిపోయింది. వాడు వంతెన దాటకూడదన్నాడు పెద్దాయన. వంతెన దాకా రాకూడదనలేదుగా?

ఫోను అందుకుంది.

“పెద్దయ్యా, వంట ఏ ఒడ్డున చెయ్యాలో మీరు చెప్పలేదు.”

అవతల పొట్ట కదిలిపోయే నవ్వు వినిపించింది.

“అమ్మాయ్, నువ్వు మా ఊళ్ళో పుట్టుంటే నా కర్ర నీకిచ్చి హాయిగా పడుకునేవాణ్ణి. ఏటికి మీ వైపు చదును పక్కూరివాళ్ళది. వాళ్ళతో నేను మాట్లాడతాలే. కానీ పందిని కొయ్యడం మాత్రం మా పెద్దల ఎదుటే జరగాలి. ఆ పనికి వాడు పనికిరాడు.”

అలా పెసమినో చదువు మొదలైంది. పందులు ఊరికే దొరకవు కాబట్టి గురువారం మధ్యాహ్నం పెసమినోనే బోర్లా పడుకోబెట్టారు. చొక్కా విప్పి సిమెంటు నేల మీద చాపుకున్నాక వాడిని చూస్తే వెతుక్కోనక్కర్లేదు, పంది సిద్ధంగా ఉంది. ఔకుసో బొగ్గుముక్కతో వాడి వీపు మీద గీతలు గీశాడు.

“ఇక్కడితో జబ్బ అయిపోయింది. దీని వెనక నాలుగు వేళ్ళు వదిలి నడుము మొదలు. నడుముని అడ్డంగా తెంపావో, నీ పని గోవిందా. చెప్పు, ఇది ఎవరిది?”

“అక్కడ గోకితే చక్కిలిగింతలురా!”

“ఎవరిదో చెప్పు ముందు.”

“ప్రధానిగారిది… అబ్బా, సినెవా, నవ్వకే!”

“నవ్వడం లేదు. ప్రధానిగారి నడుము మీద పుట్టుమచ్చ ఉంది, అదెవరి వాటా అని చూస్తున్నా.”

తిలోమాయి గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఇరవై రెండేళ్ళు పనిచేసిన వంటింట్లో ఒక్కనాడు ఇంత నవ్వు వినలేదు. శుక్రవారం సాయంత్రానికి పెసమినో కళ్ళు మూసుకుని తన ఒంటి మీద తనే భాగాలు చూపిస్తున్నాడు. స్నానానికి వెళితే బొగ్గు మాత్రం పూర్తిగా పోలేదు.

శనివారం తెలతెలవారుతుండగా ట్రక్కు ఏటి ఒడ్డున ఆగింది. వంతెన అంటే పెద్దదేం కాదు. ఇరవై అడుగుల కాంక్రీటు, ఒక పక్క రెయిలింగు విరిగింది. అవతల కొబ్బరిచెట్ల మధ్య కొత్త బడి పసుప్పచ్చగా మెరుస్తోంది. ఔకుసో అటు వైపు ఒక్కసారి చూసి, తర్వాత రాళ్ళు దింపడంలో పడ్డాడు.

ఆ పొద్దుటి పని చూసి తీరాలి. ఔకుసో కట్టెలు గూడుగా పేర్చి, పైన నల్లరాళ్ళు ఎత్తి నిప్పంటించాడు. పెసమినో రెండు మొద్దుల మీద కూర్చుని బస్తాల కొద్దీ చేమదుంపలు చెక్కాడు. సినెవా కొబ్బరిపీచులో కోరు వేసి పిండుతుంటే పాలు చిక్కగా దిగుతున్నాయి. తిలోమాయి లేత చేమాకులు దోసిట్లో గిన్నెలా పట్టి, అందులో పాలు, ఉల్లిముక్కలు, ఉప్పునీళ్ళు పోసి మూటకట్టి వరసలో పెడుతోంది. మూడొందల పొట్లాలు. రాళ్ళు తెల్లబడి చిటపటమనడం మానేశాక ఔకుసో కర్రపటకారుతో వాటిని చదును చేశాడు. పంది పొట్టలో రెండు కాలిన రాళ్ళు ఆకుల్లో చుట్టి పెట్టాడు. అన్నీ సర్ది, అరిటాకులూ సీమపనస ఆకులూ దళసరిగా కప్పాడు. ఆవిరి ఎక్కడా బయటికి రానివ్వలేదు.

అవతలి ఒడ్డున ఆడవాళ్ళు బట్టలుతుక్కుంటూ వ్యాఖ్యానం చేస్తున్నారు.

“ఏమమ్మోయ్, ఆడది రాళ్ళ పొయ్యి వేస్తే వాన పడుతుందట!”

“పడనీ వదినా, నీ బట్టలు మళ్ళీ ఉతుక్కోనక్కర్లేదు!” అంది తిలోమాయి. అవతల గొల్లుమన్నారు. ఒక ముసలామె నవ్వుతూనే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఔకుసోని తేరిపార చూసింది. వాడు తల ఎత్తలేదు.

పది గంటలకి పాస్టరుగారి ప్రార్థన, పదిన్నరకి పిల్లల పాటలు. పదకొండున్నరకి తిలోమాయి, సినెవా, పెసమినో, ఊళ్ళో మిగిలిన కుర్రాళ్ళు అయిదారుగురు కలిసి తిండి వంతెన దాటించారు. చివరికి ఎర్రగా కాలిన పందిని కొబ్బరాకుల తడక మీద మోసుకెళ్ళి, గోడలు లేని పెద్ద సభా ఇంటి ముందు దించారు. లోపల ఒక్కో స్తంభానికి ఒక్కో పెద్దాయన వీపు ఆనించి మఠం వేసుకు కూర్చున్నాడు. మూడూళ్ళ వాళ్ళు. నడిమధ్య ఊరి ప్రధాని, మాట కంటే మౌనం ఎక్కువున్న ముసలాయన. తిలోమాయి ఆడవాళ్ళ వెనక నిలబడింది.

పెసమినో కత్తి తీశాడు. బొటనవేలు వెన్ను మీద పెట్టాడు. జరిపాడు. ఆపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. ఈ పంది తనకంటే పెద్దది, దీని మీద బొగ్గు గీతలు లేవు. అరవై జతల కళ్ళు ఆ బొటనవేలినే చూస్తున్నాయి. కత్తి మెల్లగా నడుము నడిమధ్యన ఆనింది. మాతాయోలాకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. కత్తి ఆగింది. పక్కూరి పెద్ద ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు.

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది తిలోమాయి.

అప్పుడు పెసమినో కత్తి కింద పెట్టాడు. ఆ భారీ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, అందరికీ వినబడేలా అన్నాడు:

“పెద్దలు క్షమించాలి. మీ పందిని పాడుచెయ్యలేను. ఇది కోసే చెయ్యి కాదు, దుంపలు చెక్కే చెయ్యి. కోసే చెయ్యి వంతెన అవతలుంది.”

మార్కెట్టు మెట్ల మీద బతికిన పిల్లాడు మూడూళ్ళ పెద్దల ముందు నాకు రాదు అని చెప్పగలిగాడంటే, తిలోమాయికి భయంలోనూ గర్వంగానే ఉంది. మాతాయోలా కర్ర ఊతగా లేచాడు. కప్పు వైపు చూశాడు, ఏటి వైపు చూశాడు.

“ఊరి మాట ఊరి మాటే,” అన్నాడు తాపీగా. “వాడు ఇటు రాకూడదు. కానీ పంది అటు పోవచ్చు గదా? పందిని మనం వెలివెయ్యలేదు.”

ముందు పక్కూరివాళ్ళు నవ్వారు. నవ్వు చుట్టాల వైపు నుంచి మొదలయ్యాక ఇంటివాళ్ళు ఆపుకోలేకపోయారు. ప్రధాని నవ్వలేదు గానీ గడ్డం ఒకసారి కిందికి ఆడించాడు. కుర్రాళ్ళు తడక ఎత్తారు. కోత పెద్దల ఎదుటే జరగాలి కాబట్టి పెద్దలూ లేచారు. బిగుసుకుపోయిన మోకాళ్ళు సర్దుకుంటూ, చుట్టాలూ పక్కాలూ బడిపిల్లలూ బ్యాండు మేళంతో సహా ఏటికి నడిచారు. వంతెన మీద పట్టినంతమంది పట్టారు. మిగిలినవాళ్ళు ఒడ్డున.

ఔకుసో మసిచేతులతో పొయ్యి ఆకులు ఎత్తిపోస్తున్నాడు. ఊరు ఊరంతా తన మీదికి వస్తున్నట్టు కనిపించేసరికి రెండడుగులు వెనక్కి వేశాడు. సినెవా పరుగున వెళ్ళి కత్తి చేతిలో పెట్టింది.

“కొట్టడానికి కాదురా, కోయించుకోడానికొచ్చారు. చేతులు కడుక్కో.”

వాడు ఏట్లో చేతులు కడుక్కుని వచ్చి, పంది ముందు మోకరిల్లి, కత్తి కంటే ముందు చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత తడబాటు లేదు. బొటనవేలు వెళ్ళిన చోటికల్లా కత్తి వెళ్ళింది. జబ్బలు వచ్చాయి, డొక్కలు విడిపోయాయి. నడుము అంగుళం చెదరకుండా చేటలా లేచి వచ్చింది. వంతెన మీద ఒక ముసలాయన “అదీ!” అని తొడ చరుచుకున్నాడు. ఒక్కో భాగం ఆకు మీదికి రాగానే మాతాయోలా గొంతెత్తి, అది ఎవరిదో మూడూళ్ళకీ వినబడేలా పిలిచాడు. “నడుము! ఇది ప్రధానిగారి వాటా!” సినెవా, పెసమినో, ఊరి కుర్రాళ్ళు పరుగుపరుగున అందించారు. ఒక్కటి తప్పుగా వెళ్ళలేదు. పిలిచిన ప్రతివాళ్ళూ అందుకుని, ఆకు ఎత్తి చూపించి సంతోషపడ్డారు.

చివరికి ఆకు మీద తల ఒక్కటే మిగిలింది.

“తల!” అని పిలిచి మాతాయోలా ఆగాడు.

పంది తల ఏ పెద్దదీ కాదు. వంట చేసిన ఊరి కుర్రాళ్ళది. పెద్దలకి వడ్డించాక పొయ్యి పక్కన చుట్టూ కూర్చుని తింటారు. ఈ సంగతి అక్కడున్న పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే అందరి చూపులూ ఔకుసో మీదికి తిరిగాయి.

“తల వండిన కుర్రాళ్ళది,” అన్నాడు మాతాయోలా. “ఊరి తల ఊరవతల ఉండిపోకూడదు. దాన్ని కోసినవాడే మోసుకురావాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. మన ఆచారం.”

అలాంటి ఆచారం ఉందో లేదో తిలోమాయికి తెలియదు. పక్కనున్న ముసలామె మొహం చూస్తే ఆవిడా అప్పుడే వింటున్నట్టుంది. మాతాయోలా మాత్రం కర్ర నేలకి ఆనించి, పెద్దలందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూడసాగాడు. ఊరి సభలో చేతులెత్తడాలూ లెక్కపెట్టడాలూ ఉండవు. కాదనేవాడు లేకపోతే ఔననే. ప్రధాని చూపు నీళ్ళ మీద ఉంది. ఒకాయన, ఇంకొకాయన, ఎవరూ కాదనలేదు. చివరికి ఆ చూపు ఒకరి దగ్గర ఆగింది. కొడుకు కోసం అయిదు పందులు కట్టిన పెద్ద ఆయన. ఆయన మెడ ఎర్రబడింది. వెనకాల నిలబడ్డ కొడుకు, ఆ రెండో రాయి విసిరినవాడు, తండ్రి వీపుని కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. తిలోమాయి సినెవా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“చల్లారితే చెవులు బాగుండవు,” అన్నాడాయన. “తెమ్మనండి.”

మాతాయోలా కర్ర పైకెత్తాడు. ఈసారి పిలిచిన పిలుపు కొండకి తగిలి తిరిగి వచ్చింది. ఔకుసో పేరు, వాడి తాత పేరు, వాళ్ళ ఇంటి పేరు, ఆ వెనకే ఊరి పేరు.

ఔకుసో ఆకుతో సహా తల ఎత్తుకున్నాడు గానీ వంతెన మొదట్లో ఆగిపోయాడు. తిలోమాయి వైపు చూశాడు.

“నన్ను చూస్తావేమిట్రా? నడు!” అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ దాచుకోలేదు.

వాడు నడిచాడు. వంతెన మీద పెద్దలు రెయిలింగు వైపు ఒదిగి దారిచ్చారు. పెద్దలు కుర్రవాడికి దారివ్వడం ఎప్పుడూ చూడని పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. అవతల బ్యాండువాళ్ళలో ఒకడు ఉండబట్టలేక డోలు వాయించేశాడు. ఉతుకు రాళ్ళ దగ్గరి ముసలామె ఎదురెళ్ళి వాడి చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. వాడి చేతులు ఖాళీ లేక ఆమె భుజం మీద నుదురు ఆనించాడు.

ఆ మధ్యాహ్నం బడి పక్క కొబ్బరిచెట్ల కింద కుర్రాళ్ళు చుట్టూ కూర్చున్నారు. రెండో రాయి విసిరినవాడు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఔకుసో కూర్చోకుండా వెనక్కి తిరిగి కేకేశాడు.

“పెసమినో! సినెవా! రండి, వండింది మీరు కూడా కదా!”

“ఆడపిల్ల అందులో కూర్చోవచ్చుట్రా?” అన్నాడెవడో.

“కూర్చుని చూపిస్తా, ఆగు,” అంది సినెవా. వెళ్ళి కూర్చుంది. పెసమినో అంతకుముందే ఒక చెవి నోట్లో పెట్టుకున్నాడు.

తిలోమాయి ఒక్కతే ఇవతలి ఒడ్డుకి వచ్చి, నడుముకి చుట్టుకున్న లావాలావా గుడ్డ తడిసిన అంచు పిండుకుని, బేసిన్లు ఏట్లో ముంచింది. ఒళ్ళంతా నొప్పులు, మనసంతా పండగ. నెలకో విందు మీదేనమ్మా అని పక్కూరి పెద్దలిద్దరు అప్పుడే చెప్పి వెళ్ళారు. కానీ బేసిను తోముతూ తోముతూ ఉండగా ఒక సంగతి తట్టింది. వాడికి ఊరొచ్చింది. ఊరున్నవాడు పట్నంలో రేకుల షెడ్డుకి ఎందుకొస్తాడు? ఇక కొయ్యడానికి ఎవరున్నారు? అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకుంది. పిల్లలు వెళ్ళిపోవడానికేగా ఈ వంటిల్లు పెట్టింది! అయినా గుండెలో ఏదో కలుక్కుమంది, అది నిజం.

నీళ్ళలో అడుగుల చప్పుడైంది. వంతెన ఉండగా ఏట్లో పడి వచ్చాడు ఔకుసో, మోకాళ్ళ దాకా తడిసి. ఆమె చేతిలో బేసిను లాక్కుని ఇసకేసి తోమడం మొదలుపెట్టాడు.

“నువ్వెందుకొచ్చావురా? అక్కడ కూర్చో, మీవాళ్ళతో.”

“కూర్చున్నాను. తిన్నాను.” బేసిను తిరగేసి ఎండలో పెట్టి ఇంకోటి అందుకున్నాడు. “అత్తా, మా ఊళ్ళో మొదటి బస్సు ఆరింటికి. మార్కెట్టు దగ్గర దిగి నడిస్తే ఏడున్నర అవుతుంది. సోమవారం ఏడున్నరకి వస్తే ఫరవాలేదా?”

తిలోమాయి వాడి వైపు చూసింది. నవ్వొచ్చింది. అది మొహంలో కనబడకుండా చాలా కష్టపడింది.

“ఏడింటికి పని మొదలవుతుంది,” అంది. “అరగంట జీతం కోస్తాను.”

“కోసుకో,” అన్నాడు ఔకుసో, ఇంకో బేసిను ముంచుతూ.